చంద్రగిరి సైకిల్ చుట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరి, శేషాచలం కొండ అడుగునే శ్రీనివాస మంగాపురం చేరి, అక్కణ్నుంచి చంద్రగిరి కోట చూసుకుని, తొండవాడ దగ్గర స్వర్ణముఖిని పలకరించి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరే దారి ఇది. రేసు సైక్లిస్టుల కోసం రాసింది కాదు. వారానికి రెండు మూడు సార్లు సైకిల్ తొక్కే అలవాటు ఉండి, ఒక పూటంతా ఊరి బయట గడపాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

మొత్తం ఎన్ని కిలోమీటర్లు? ఎంతసేపు పడుతుంది?

అలిపిరి నుంచి అలిపిరికి సుమారు 35 కి.మీ. మంగాపురం నుంచి నేరుగా చంద్రగిరికి తిరగకుండా ఎ.రంగంపేట మీదుగా వెళ్తే 40 దాటుతుంది. శ్రీవారి మెట్టు దాకా వెళ్లి వస్తే ఇంకో 10 కలపండి. గంటకు 14–15 కి.మీ. చొప్పున తొక్కినా చక్రం తిరిగేది రెండున్నర గంటలే. కానీ గుడి, టిఫిను, కోట, మ్యూజియం, ఏటి ఒడ్డు కలుపుకుంటే ఐదారు గంటలు పెట్టుకోవాలి. మూడు గంటల్లో అయిపోవాలి అనుకుంటే ఈ దారికి రావడం దండగ, రింగు రోడ్డు మీద తొక్కుకోవచ్చు.

దారి ఎలా వెళ్తుంది?

అలిపిరి నుంచి జూపార్క్ రోడ్డు పట్టుకోండి. కుడిచేతి పక్క కొండ, అడవి అంచు. చెర్లోపల్లి కూడలి దాటాక పీలేరు, మదనపల్లె వైపు వెళ్లే రోడ్డులోనే శ్రీనివాస మంగాపురం వస్తుంది. అలిపిరి నుంచి ఇక్కడికి సుమారు 11 కి.మీ. మంగాపురం నుంచి దక్షిణంగా దిగితే చంద్రగిరి ఊరు, ఊరికి పడమర పక్కన కోట. ఇది మరో 5 కి.మీ. కోట నుంచి వెనక్కి ఊళ్లోకి వచ్చి తిరుపతి–చిత్తూరు హైవే ఎక్కి తూర్పుకు తిరిగితే తొండవాడ, ఆ తర్వాత పేరూరు, ఆపైన తిరుపతి.

ఊళ్ల మధ్య చిన్న రోడ్లు చాలానే ఉన్నాయి. ఫోనులో మ్యాపు చూపించే అడ్డదారుల్లో కొన్ని మామిడి తోటల్లోకి పోయి ఆగిపోతాయి. అనుమానం వస్తే పొలంలో ఉన్న మనిషిని అడగండి. "కోటకు ఎటన్నా?" అంటే చాలు, వివరంగా చెప్తారు. ఒకటే జాగ్రత్త: "ఇక్కడే, రెండు నిమిషాలు" అన్నారంటే అది బైకు లెక్క, సైకిలుకు పది నిమిషాలని అర్థం.

ఇదే వరుసలో వెళ్లాలా? తిప్పి వెళ్తే ఏమవుతుంది?

వెళ్లొచ్చు కానీ కష్టం ఎక్కువ, సుఖం తక్కువ. స్వర్ణముఖి ఎటు పారుతుందో గుర్తుంచుకోండి. చంద్రగిరి కొండల వైపు నుంచి తూర్పుకు, శ్రీకాళహస్తి దిక్కుగా పోతుంది. నీళ్లు తూర్పుకు పోతున్నాయంటే నేల పడమరకు ఎక్కుతున్నట్టే. తిరుపతి నుంచి చంద్రగిరికి పోయేటప్పుడు ఎక్కుడు, వచ్చేటప్పుడు దిగుడు. కంటికి చదునుగానే కనిపిస్తుంది గానీ కాళ్లకు తెలుస్తుంది.

అందుకే ఎక్కుడంతా పొద్దున చల్లగా ఉన్నప్పుడు, కొండ నీడలో, అడవి పక్క రోడ్డు మీద ముగించేయాలి. ఎండ ముదిరాక మిగిలేది హైవే మీద దిగుడు. పైగా జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి వీస్తుంది. ఆ రోజుల్లో తిరుగు దారిలో గాలి వీపును నెడుతుంది. తిప్పి వెళ్తే పొద్దున్నే హైవే లారీల మధ్య ఎక్కుడు ఎక్కాలి, మధ్యాహ్నం అలసిన కాళ్లతో జూపార్క్ రోడ్డులో మిగతాది తొక్కాలి.

ఎక్కుళ్లు బాగా నిటారుగా ఉంటాయా?

ప్రధాన దారిలో లేవు. దిగి నెట్టాల్సినంత ఎక్కుడు ఎక్కడా రాదు. కష్టపెట్టేది రెండు చోట్ల మాత్రమే. ఒకటి శ్రీవారి మెట్టు రోడ్డు, చివరి భాగం కొంచెం గట్టిగానే లేస్తుంది. రెండోది పేరూరు బండ మీద వకుళమాత గుడికి ఎక్కే దారి, పొట్టిదే కానీ నిటారు. ఈ రెండూ వదిలేసినా చుట్టు పూర్తవుతుంది.

గేర్లున్న సైకిలైతే ఎక్కుడు మొదలుకాకముందే చిన్న గేరుకు రండి. పెడలు బిగుసుకుపోయాక గేరు మారిస్తే చైను కరకరమని పళ్ల మీంచి జారుతుంది. కొత్తవాళ్ల చైన్లు తెగేది ఎక్కువగా ఇలాంటప్పుడే.

ఏ నెలలు మంచివి?

డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా బాగుంటుంది. పొలాలు పచ్చగా ఉంటాయి, చెరకు నరికే కాలం కాబట్టి పల్లెల్లో బెల్లం గానుగలు ఆడుతుంటాయి, దారి పొడవునా ఆ వాసన. జూన్ చివర నుంచి సెప్టెంబరు కూడా పర్వాలేదు, మధ్యలో ఒక జల్లు పడ్డా ఇబ్బంది లేదు.

అక్టోబరు, నవంబరు ఈశాన్య రుతుపవనాల కాలం. మన వైపు పెద్ద వానలు అప్పుడే. బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారంటే రైడు మానుకోండి. 2021 నవంబరులో స్వర్ణముఖి, దాని వాగులు ఎలా పొంగాయో తిరుపతిలో అందరికీ తెలుసు. మామూలు రోజుల్లో ఇసుక మాత్రమే కనిపించే వాగు కొండల్లో వాన పడితే గంటల్లో నిండుతుంది. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే లోతు మోకాలి కింద ఉన్నా సైకిల్‌తో దాటకండి. చక్రాలకు నీటి తోపుడు పక్క నుంచి తగులుతుంది, కింద తారు కొట్టుకుపోయిందో లేదో పైకి కనిపించదు.

ఏప్రిల్, మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు తెల్లవారగానే బయల్దేరి మంగాపురం దాకా వెళ్లి తొమ్మిదికి ముందే ఇల్లు చేరడం తెలివైన పని.

ఏ రోజు వెళ్లాలి? ఎన్నింటికి?

ఈ రైడులో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సైకిలు కాబట్టి ఐదింటికే బయల్దేరతారు, ఏడింటికి కోట ముందు ఉంటారు, తలుపులు మూసి ఉంటాయి. రాజమహల్లో ఉన్నది భారత పురావస్తు శాఖ మ్యూజియం. అది ఆఫీసు వేళల్లో తెరుచుకుంటుంది, పది అనుకుని మీ లెక్క వేసుకోండి. శుక్రవారం సెలవు.

కాబట్టి ఆరున్నర, ఏడు మధ్య అలిపిరిలో బయల్దేరండి. ఎనిమిదికి మంగాపురం. గుడి, టిఫిను ముగించి రంగంపేట మీదుగా నిదానంగా తొక్కితే తొమ్మిదిన్నరకు కోట. బయటి గోడలు, కందకం, పాడుబడ్డ గుళ్లు చూస్తుండగా మ్యూజియం తెరుస్తారు. పదకొండుకు అక్కణ్నుంచి కదిలితే మిగిలింది దిగుడే కాబట్టి పన్నెండున్నరకు ఇల్లు. వేసవిలో మాత్రం ఈ లెక్క పనికిరాదు. మ్యూజియం, సైకిల్ రెండూ ఒకే పొద్దున కుదరవు. ఒకటి వదులుకోవాలి.

ఆదివారం హైవే మీద లారీలు కాస్త తక్కువ, గుళ్ల దగ్గర కార్లు ఎక్కువ. వారం మధ్యలో, బుధవారమో గురువారమో అయితే రెండూ మధ్యస్థంగా ఉంటాయి. కొన్ని రోజులు మాత్రం పూర్తిగా మానుకోండి: ఫిబ్రవరి–మార్చిలో మంగాపురం బ్రహ్మోత్సవాలు, ఆషాఢంలో సాక్షాత్కార వైభవోత్సవాలు, కనుమ నాడు ఎ.రంగంపేట పశువుల పండుగ. కనుమ నాడు రంగంపేటలో సైకిలు పట్టే సందు కూడా ఉండదు. పండుగ చూడాలంటే నడిచే వెళ్లండి.

ఏ సైకిల్ కావాలి? టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

రోడ్ బైకుకూ కొండదారి సైకిలుకూ (ఎంటీబీ) మధ్యరకమైన హైబ్రిడ్ అన్నిటికన్నా సరిపోతుంది. దారి చాలామటుకు తారే, కోట లోపల, ఏటి ఒడ్డున మట్టి, కంకర. 35 మి.మీ. వెడల్పు టైరుకు 55–60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. ఎంటీబీ లావు టైర్లకు 35–45. సన్న టైర్ల రోడ్ బైకైతే 28 మి.మీ.కి 80 దగ్గర పెట్టుకుని మట్టి దార్లలో దిగి నడిపించండి. గాలి తక్కువగా ఉంటే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకు టైరుకు మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. గాలి మరీ ఎక్కువైతే గతుకు గతుకుకూ మణికట్లు నొప్పెడతాయి, ఇసుకలో పట్టు దొరకదు.

గేర్లు లేని మామూలు సైకిలు మీద వెళ్లలేమా అంటే వెళ్లొచ్చు. ఆ ఊళ్లవాళ్లు పాల క్యాన్లు కట్టుకుని రోజూ తొక్కేది ఆ సైకిళ్లే. కాకపోతే సీటు ఎత్తు సరిచూసుకోండి. సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద పెట్టి కిందికి నొక్కితే కాలు తిన్నగా సాగాలి. మోకాలు వంగే ఉందంటే సీటు కిందికి ఉన్నట్టు, 20 కి.మీ. దాటేసరికి మోకాలి ముందు భాగం నొప్పి మొదలవుతుంది.

వెంట ఏమేం తీసుకెళ్లాలి?

రెండు నీళ్ల సీసాలు, ఒక విడి ట్యూబు, టైరు లివర్లు రెండు, పంక్చరు సామాను, చిన్న పంపు, అలెన్ కీల సెట్టు, గుడ్డపీలిక ఒకటి, చిల్లర డబ్బులు. హెల్మెట్టు తప్పదు. తాళం గొలుసుది అయితే మంచిది, కోట దగ్గర కటకటాలకో చెట్టుకో వేయొచ్చు.

చాలామంది మరిచిపోయేది పంచె. మంగాపురం గుడి తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహణలో ఉంది. సైక్లింగ్ నిక్కరుతో లోపలికి వెళ్లడం కుదరదు. సన్నటి పంచె చుట్టి బ్యాగులో పెట్టుకుంటే నిక్కరు మీదే కట్టుకోవచ్చు. ఆడవాళ్లు చుడీదారు మీద తొక్కేట్టయితే చున్నీ చక్రంలో పడకుండా నడుముకు గట్టిగా ముడేసుకోవాలి. ప్యాంటు కుడికాలి అంచుకు రబ్బరు బ్యాండు వేసుకోవడం పాత పద్ధతే అయినా దానికి మించిన ఉపాయం ఇంతవరకూ రాలేదు.

శ్రీనివాస మంగాపురంలో చూడాల్సిందేమిటి?

కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడి. స్థలపురాణం ఈ రైడు దారిలోనే నడుస్తుంది: నారాయణవనంలో పద్మావతిని పెళ్లాడి వస్తున్న శ్రీనివాసుడికి, కొత్తగా పెళ్లైనవాళ్లు ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్య మహర్షి చెప్పాడట. ఆ ఆరు నెలలు తొండవాడ ఆశ్రమంలో, ఈ మంగాపురం ప్రాంతంలో గడిపి, తర్వాత శ్రీవారి మెట్టు దారిన తిరుమలకు ఎక్కాడని చెప్తారు. కొత్త దంపతులు, పెళ్లి ఆలస్యమవుతున్నవాళ్లు ఇక్కడికి ఎక్కువగా రావడానికి కారణం అదే.

చరిత్ర వైపు నుంచి చూస్తే, 1540 నాటి శాసనం ఇక్కడ ముఖ్యం. అన్నమాచార్యుల మనవడు తాళ్లపాక చిన తిరుమలాచార్యులు ఈ గుడిని బాగుచేయించిన సంగతి అందులో ఉంది. ఇది పురావస్తు శాఖ రక్షిత కట్టడం కూడా. చెప్పులు, ఫోను బయట పెట్టాల్సి వస్తుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఒకరు సైకిళ్ల దగ్గర ఉండి వంతులవారీగా లోపలికి వెళ్లండి. లైటు, పంపు, స్పీడు చూపే మీటరు లాంటివి సైకిల్‌కు తగిలించి వదలొద్దు. సైకిలంతా పోవడం అరుదు, ఇవి పోవడం అరుదు కాదు.

శ్రీవారి మెట్టు దాకా వెళ్లడం విలువైనదేనా?

దారి కోసమైతే విలువైనదే. మంగాపురం నుంచి సుమారు 5 కి.మీ., కొండలు రెండు పక్కలా దగ్గరికి వస్తాయి, ఎర్రటి రాతి చరియలు, వాన తర్వాత వెళ్తే పక్కన వాగు చప్పుడు. చివర్లో 2,388 మెట్ల నడకదారి మొదలవుతుంది. సైకిలు అక్కడితో ఆపాల్సిందే. "సైకిలు కింద పెట్టి కొండెక్కి దర్శనం చేసుకుని వద్దాం" అనుకునేవాళ్లు ఆ రోజును రెండుగా విడగొట్టుకోండి. దర్శనం ఎన్ని గంటలు పడుతుందో మీ చేతిలో ఉండదు, సైకిలు ఎండలో నిలబడి ఉంటుంది.

వెళ్లేటప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఆటోలు, జీపులు. మెట్టుదారి భక్తులను దింపి ఖాళీగా వచ్చే బండ్లు దిగుట్లో వేగంగా వస్తాయి. మలుపుల్లో రోడ్డు మధ్యకు జరగొద్దు, ఫొటో కోసం మలుపులోనే ఆగొద్దు.

చిరుతలున్నాయంటారు. నిజమేనా?

నిజమే. ఇది శేషాచలం అడవి అంచు, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పక్కనే ఉంటుంది. నడకదారుల్లో చిరుత సంచారం గురించి అధికారులు హెచ్చరికలు ఇస్తూనే ఉంటారు. భయపడి మానేయనక్కర్లేదు, కానీ బాగా తెల్లారకముందు, సాయంత్రం పొద్దు వాలాక జూపార్క్ రోడ్డులోగానీ మెట్టు రోడ్డులోగానీ ఒంటరిగా ఉండకండి. ముఖ్యంగా చిన్నపిల్లలను గుంపుకు ముందు వదలొద్దు. వంగి చైను సరిచేసుకుంటున్న మనిషి ఎత్తు తక్కువగా కనిపిస్తాడు, అందుకని మసక చీకట్లో అడవి పక్కన మరమ్మతుకు కూర్చోకుండా ఇళ్లున్న చోటికి నెట్టుకుపోవడం మేలు.

నిజానికి రోజూ ఎదురయ్యేవి కుక్కలు. వెంటపడితే వేగం పెంచొద్దు. పరిగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం. ఆగి, దిగి, సైకిల్‌ను మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి. నాలుగడుగులు మొరిగి వెళ్లిపోతుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టించుకోవాలి. "చిన్న గీరే కదా" అని వదిలేయొద్దు.

చంద్రగిరి కోటలో ఎంతసేపు ఉండాలి? ఏం చూడాలి?

గంటన్నర పెట్టుకోండి. కోటను సుమారు 1000వ సంవత్సరంలో యాదవరాయలు కట్టించారని చెప్తారు. విజయనగర రాజుల కాలంలో దీనికి ప్రాముఖ్యం పెరిగింది. సాళువ నరసింహరాయలు రాజ్యానికి రాకముందు ఇక్కడి నుంచే ఏలాడు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కణ్నుంచి చంద్రగిరికి మారింది. 1646లో గోల్కొండ వశమైంది.

మొదట కొండను చూడండి. గుర్రపు నాడా ఆకారంలో వంగిన రాతికొండ, దాని ఒడిలో కోట. కింది కోట గోడలో రాళ్లెంత పెద్దవో, వాటి మధ్య అతుకు ఎంత సన్నగా ఉందో చూడాలంటే గోడకు దగ్గరగా సైకిలు నడిపించుకుంటూ వెళ్లాలి. కారులో వచ్చేవాళ్లు నేరుగా రాజమహల్ దగ్గర దిగి, ఇదంతా వదిలేసి వెళ్తారు.

రాజమహల్ మూడంతస్తుల మేడ. అంత పెద్ద కట్టడంలో కర్ర వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. కప్పుల బరువంతా కమానుల మీదుగా స్తంభాల్లోకి, అక్కణ్నుంచి నేలకు దిగుతుంది. లోపల నిలబడి పైకి చూస్తే కమాను మీద కమాను కనిపించేది అందుకే. మొదటి అంతస్తులో దర్బారు హాలు. బయట గోపురాల్లాంటి శిఖరాలు గుడిని తలపిస్తాయి, కింద కమానులు సుల్తానుల కట్టడాలను తలపిస్తాయి. రెండు పద్ధతులు ఒకే గోడ మీద కలిశాయి. పక్కనున్న రాణీమహల్ రెండంతస్తులది. పేరు రాణిదే అయినా కింది అంతస్తు తీరు చూస్తే గుర్రపుశాలలా ఉంటుంది. ఎవరు ఉన్నారో ఏమో గానీ రాణిగారు మాత్రం గుర్రాల మీద కాపురం పెట్టి ఉండరు.

మీది కోట, అంటే కొండ శిఖరం మీది భాగం, ఈ రైడులో కలపకండి. ఎండలో రాతి మీద ఎక్కడానికి సైకిల్ షూలు పనికిరావు, జారతాయి. ఎక్కనిస్తారో లేదో కూడా గేటు దగ్గరే అడిగి తెలుసుకోవాలి.

మద్రాసు పుట్టింది ఈ కోటలోనే అంటారు, నిజమా?

సగం నిజం. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరంలో స్థలం దక్కింది. ఆ తీరాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు పట్టా ఇచ్చాడు. ఆయన చంద్రగిరి రాజుల కింద నాయకుడు. సెయింట్ జార్జి కోట లేచింది ఆ స్థలంలోనే. రాజమహల్లోనే సంతకం అయిందనేది ఊళ్లో గట్టిగా వినిపించే మాట. పట్టా ఇచ్చింది నాయకుడు, ఆయన పైనున్న రాజు చంద్రగిరివాడు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో మాట కూడా వింటారు: తిరుమలలో నైవేద్యం గంట మోగితే దారి పొడవునా గంటా మండపాలు ఒకదాని తర్వాత ఒకటి మోగి, ఆ కబురు చంద్రగిరికి చేరాకే రాజు భోంచేసేవాడని. ఇది జనం నోట నిలిచిన కథ. కోట గోడ మీద కూర్చుని ఉత్తరాన తిరుమల కొండను చూస్తే ఆ కథ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

హైవే మీద తొక్కడం ప్రమాదం కాదా?

ఈ చుట్టులో అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సిన భాగం ఇదే. తెల్ల గీతకు ఎడమవైపు తొక్కండి, కానీ మరీ అంచుకు పోవద్దు. అంచున పేరుకున్న ఇసుకలో ముందు చక్రం జారుతుంది. సర్వీసు రోడ్డు ఉన్నంతమేర దాన్నే వాడండి. అందులో రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకుల మీద కన్నుండాలి. రోడ్డు దాటాల్సిన చోట దిగి, నడిపించుకుంటూ దాటండి. లారీ పక్క నుంచి పోయేటప్పుడు ముందు గాలి తోస్తుంది, పోయాక లోపలికి లాగుతుంది. అప్పుడు హ్యాండిల్ బిగించి పట్టుకుంటే ఊగుతుంది, మోచేతులు వదులుగా ఉంచితే సైకిలు తనంతట తనే సర్దుకుంటుంది. పదింటికైనా సరే, వెనక ఎర్ర లైటు వేసుకోండి.

గుంపుగా వెళ్తే ఒకరి వెనక ఒకరు. పక్కపక్కన కబుర్లు జూపార్క్ రోడ్డులోనూ కుదరవు, ఇక్కడ అసలే వద్దు.

తొండవాడలో ఏముంది?

అగస్త్యేశ్వరస్వామి గుడి, ఏరు. స్వర్ణముఖిలో భీమా, కల్యాణి కలిసే చోటు కాబట్టి ముక్కోటి అని పిలుస్తారు. కల్యాణి మీదే, ఎగువన, తిరుపతికి తాగునీళ్లిచ్చే కల్యాణి డ్యామ్ ఉంది. ఏటిలో నీళ్లు ఏడాదంతా ఉండవు. వానలు బాగా పడ్డ ఏడాది డిసెంబరు, జనవరిలో సన్నగా పారుతుంటాయి. సైకిలును ఇసుకలోకి దింపకండి. స్వర్ణముఖి సన్న ఇసుక చైనులో చేరితే ఇంటిదాకా నూరుతూనే ఉంటుంది. ఒకవేళ దిగితే పొడి గుడ్డతో చైనును పట్టుకుని పెడలు వెనక్కి ఇరవై చుట్లు తిప్పండి. తుడవకుండా నూనె పోస్తే ఇసుక, నూనె కలిసి ఆకురాయి పేస్టులా పనిచేసి పళ్లను అరగదీస్తుంది.

పంక్చర్లు ఎక్కువా? దారిలో అయితే ఎలా?

రెండు రకాలు. పల్లె రోడ్లలో కంపచెట్టు ముళ్లు, పల్లేరు కాయలు. హైవే మీద పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్న తీగ ముక్కలు. ముల్లు వెంటనే గాలి తీసేస్తుంది. తీగ ముక్క అలా కాదు, వెంట్రుకంత ఉండి టైరులో దాక్కుని నిదానంగా గాలి దించుతుంది. ట్యూబు మార్చినా పావుగంటలో మళ్లీ దిగిపోతే కారణం అదే.

అందుకే వరుస ఇది. చక్రం ఊడదీసి, ట్యూబు బయటికి తీయకముందు వాల్వు ఎదురుగా టైరు మీద సుద్దతోనో గోరుతోనో గుర్తు పెట్టుకోండి. ట్యూబులో గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో కనుక్కుంటే, వాల్వు నుంచి అంతే దూరంలో టైరులో ముల్లు ఉంటుంది. టైరు లోపల వేలు కాకుండా గుడ్డపీలిక తిప్పండి. తీగ ఉంటే గుడ్డ పోగు తగులుకుంటుంది, వేలైతే తెగుతుంది. ముల్లు తీశాక ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలుచగా పూసి, మూడు నాలుగు నిమిషాలు ఆరనివ్వండి. వేలు పెడితే అంటుకోనంతగా ఆరాకే ప్యాచి వేసి గట్టిగా నొక్కాలి. తడి మీద వేసిన ప్యాచి ఎండకు వేడెక్కిన టైరులో అంచు నుంచి లేస్తుంది.

చంద్రగిరిలో, హైవే పక్కన పంక్చరు షాపులున్నాయి. అక్కడి గాలి గొట్టం బైకు వాల్వుకు సరిపోయేది. మీది సన్న వాల్వు అయితే చిన్న ఇత్తడి అడాప్టరు వెంట ఉండాలి, లేకపోతే గాలి ఉన్నా ఎక్కించుకోలేరు. కంప్రెసర్‌తో పట్టేటప్పుడు కొంచెం కొంచెంగా పట్టమనండి. లారీలకు పట్టినట్టు ఒకే ఊపున పడితే సైకిల్ ట్యూబు ఠప్పున పోతుంది.

తిండి, నీళ్లు ఎక్కడ?

మంగాపురంలో, చంద్రగిరి ఊళ్లో టిఫిన్ దొరుకుతుంది. పూరీ, వడ వద్దు. ఇడ్లీ, ఒక దోసె చాలు. నూనె సరుకు తిని వెంటనే తొక్కితే కోట చేరేలోపు గొంతులోకి వస్తుంది. చలికాలంలో గంటకు అరలీటరు, వేసవిలో దానికి రెట్టింపు నీళ్లు తాగాలి. ఉత్తి నీళ్లే తాగుతుంటే చెమటలో పోయిన ఉప్పు రాదు, పిక్కలు పట్టేస్తాయి. మజ్జిగలో ఉప్పు, ఉప్పేసిన నిమ్మకాయ సోడా, లేదా ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు. చంద్రగిరిలో సంగటి, చెట్నీ కనిపిస్తే రైడు మధ్యలో తినకండి, తిరుపతి చేరాక తినండి. తిన్నాక తొక్కబుద్ధి కాదు.

పిల్లలతో వెళ్లొచ్చా?

పన్నెండేళ్లు దాటి, 20 కి.మీ. తొక్కే అలవాటున్న పిల్లలతో మంగాపురం దాకా వెళ్లి అదే దారిన తిరిగి రండి. హైవే భాగం వాళ్లకు వద్దు. కోట చూపించాలంటే అక్కడి నుంచి ఆటో.

మధ్యలో సైకిలు పూర్తిగా పాడైతే?

ముందు చక్రం ఊడదీస్తే ఒక సైకిలు షేరాటో వెనక పడుతుంది. చంద్రగిరి–తిరుపతి మధ్య ఆటోలు, బస్సులు రోజంతా తిరుగుతాయి. ఎక్కేముందే సైకిల్‌కు ఎంతో బేరం కుదుర్చుకోండి. గేర్ల వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి, లేకపోతే వెనక గేర్లను పట్టి ఉంచే హ్యాంగరు వంగి, మర్నాడు గేరు చక్రం పుల్లల్లో పడుతుంది. చంద్రగిరిలో రైల్వే స్టేషను ఉన్నా సైకిలు ఎక్కించుకోవడానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మనిషికి దెబ్బ తగిలితే 108.

కాళ్లలో ఇంకా బలముంటే ఏం కలపొచ్చు?

పేరూరు బండ మీద వకుళమాత గుడి, 2022లో మళ్లీ కట్టి తెరిచారు. పైనుంచి తిరుమల కొండ, స్వర్ణముఖి లోయ ఒకేసారి కనిపిస్తాయి. లేదంటే తిరుపతిలోకి తిరగకుండా తిరుచానూరు దాకా సాగి, ఆ పక్కనే యోగిమల్లవరంలో పరాశరేశ్వరస్వామి గుడి చూడండి. చోళుల నాటి శాసనాలున్న గుడి, తిరుచానూరు రద్దీలో వందో వంతు కూడా ఉండదు. దీనికి 8–10 కి.మీ. అదనం. కార్తీకంలో పంచమీ తీర్థం రోజుల్లో మాత్రం అటువైపు సైకిలు తిప్పొద్దు.

గుడిమల్లం కూడా ఇందులోనే కలపొచ్చా?

వద్దు. అది రేణిగుంట అవతల, ఏర్పేడు మండలంలో, పూర్తిగా ఇంకో దిక్కు. క్రీస్తు పూర్వం నాటిదని పండితులు చెప్పే ఐదడుగుల శివలింగం, ఏనుగు వీపులా వెనక గుండ్రంగా ఉండే గజపృష్ఠాకారపు గర్భగుడి, పక్కన పాపానాయుడుపేటలో గాజు పూసలు చేసే కుటుంబాలు. వాటికి ఒక పూర్తి పొద్దున కావాలి. పోయి రావడానికే 60 కి.మీ. దాకా అవుతుంది. చంద్రగిరి చుట్టు రెండు మూడు సార్లు తొక్కి, ఇంటికొచ్చాక సాయంత్రం మెట్లెక్కడానికి కాళ్లు మొరాయించట్లేదు అనిపించాక అటు బయల్దేరండి.